మేస్త్రీ బస గుమ్మంలో ఫొటో

రంగూన్, లమ్మడా,
1927 ఫిబ్రవరి 24, గురువారం.

చిరంజీవి, మా ఇంటి వెలుగు, మా అమ్మి భాగ్యవతికి,

మీ అయ్య బుల్లియ్య, మీ అమ్మ మంగాయమ్మ రెండు చేతులా దీవించి రాసుకున్న ఉత్తరం. సింహాద్రప్పన్న దయ వల్ల ఇక్కడ మేమిద్దరం కులాసా. మౌల్మేనులో నువ్వూ, అల్లుడు సత్యారావు గారూ, ఆయన ఆస్పత్రిలో మందులు కలిపే సావాసగాళ్ళూ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది అమ్మీ. అందింది అంటే సరిపోదు, మన గదికి కొత్త సున్నం వేసినట్టయింది. నా చదువెంతో నీకు తెలీనిదేటి, మన తెలుగువాళ్ళ సంఘం వారి రీడింగు రూములో నెరిసిన మీసంతో దిద్దుకున్న అక్షరాలు. అయినా నీ రాత గుండ్రంగా ఉంటాది కాబట్టి ఎవరి సాయమూ లేకుండా నేనే చదివేను. మీ అమ్మకి వినిపించేను. ఆ పైన మేడ దిగిపోయి బర్మా ముసిలమ్మ డా మ్యా గుమ్మంలో కూచుని వాళ్ళ మాటల్లో చెప్పేను. మా అమ్మి బళ్ళో పిల్లగుంటలు పట్టక ఇంకో పాక వేసేరట, మిల్లు కూలీల గుంటలందరూ పంతులమ్మగారూ పంతులమ్మగారూ అని దాని వెనకాలే తిరుగుతారట అని చెప్తే, ఆ ముసిలమ్మ చుట్ట పక్కన పెట్టి నా బుగ్గ గిల్లింది. ఈ వయసులో నా బుగ్గ! నాకు సంతోషం పట్టక వీధిలో కనబడ్డవాడికల్లా చెప్పేను. మీ అమ్మ అయితే, చాలు మావా, జెట్టీ మీద ఓడలకి కూడా చెప్పీసి రా, అవొక్కటే మిగిలేయి అంది.

నువ్వడిగింది ఒకటే కోరిక. మీ బడి వేపు కూలీల్ని తెచ్చే మేస్త్రీ మనుషులెవరైనా వస్తే గుంటలు చటుక్కున లేచి, భుజం మీద గుడ్డ దించి నడుముకి చుట్టుకుని గోడకి అంటుకుపోతున్నారని రాసేవు. ఎవరూ నేర్పలేదు, తండ్రుల్ని చూసి నేర్చుకున్నారన్నావు. వాళ్ళకి మా అయ్య సంగతి చెప్పేను, కట్టుకథ అనుకుంటున్నారు, నిజమని నమ్మడానికి ఒక ఫొటో పంపు అయ్యా, ఆ బస గుమ్మంలోనే, భుజం మీద తువ్వాలుతో నువ్వు నిలబడిన ఫొటో, బళ్ళో గోడకి తగిలిస్తాను అన్నావు.

ఆ ఫొటో సంగతే రాయాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు. నాలుగు రోజులై వీధిలోకి పోలేదు. సిగ్గుతో చితికిపోయి ఉన్నాను అమ్మీ.

ముందు మంచి సంగతి రాస్తాను, ఆ ఊపులో మిగతాది కూడా వచ్చీవొచ్చు.

మన సంఘం సెక్రటరీ శంకరరావు గారు నీకు చిన్నప్పుడు ఎక్కాలు చెప్పినాయనే. ఆయనొక రోజు మన గదికొచ్చి నా పక్కన చాప మీద కూచున్నారు. ఉత్తరాన కొండల్లో దొరలు పోయి బానిసల్ని విడిపిస్తున్నారని పత్రికల్లో రోజూ రాస్తున్నారు కదా బుల్లియ్యా, మన లమ్మడా వీధుల్లో మనవాళ్ళు ఏ దొరా రాకుండా తమంత తామే చెర విడిపించుకున్నారు, దాన్ని రాసినవాడు లేడు, ఆ చోట్లు కూడా ఒక్కొక్కటీ కూలిపోతున్నాయి, పోకముందే ఫొటోలు తీయించుదాం అన్నారు. ఆదివారం పొద్దున్నే అందరూ కలిసి నడవాలట. చోటుచోటునా ఆగాలట. అక్కడేటి జరిగిందో నేను చెప్పాలట, చెప్పింతర్వాత ఫొటో తియ్యాలట. దానికి నోటీసు అచ్చు వేయించి తామ్వే పేట దాకా టీకొట్లన్నిటిలోనూ అంటించేరు. అందులో నా పేరు! అచ్చులో బుల్లియ్య అని ఉంటే నేనేనా అని పక్కోడి చేత మళ్ళీ చదివించుకున్నాను.

ఆదివారం వీధి వీధంతా గొడుగులే. చదువుకున్నవాళ్ళు, బూట్లవాళ్ళు, మద్రాసు నించి వచ్చిన ఇద్దరు అమ్మగార్లు, మన కుర్రాళ్ళు. లత పేటలో స్టూడియో ఉన్న చీనా ఆయన మూడు కాళ్ళ పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచేడు. మీ అమ్మ నా తువ్వాలుకి గంజి పెట్టి అట్ట కట్టించింది. అది భుజం మీద పెళ్ళికొడుకు కండువాలాగ నిలబడింది.

ముందు జెట్టీకి పోయేం. దండాసి చెయ్యి క్రేను గొలుసు కింద పడిన చోటు చూపించేను. వాడి ఎడం చేతి వేళ్ళు రెండు అక్కడే పోయేయి. గంజాం నించి వాడూ, విశాఖపట్నం వేపు నించి నేనూ ఒకే ఓడలో వచ్చేం, ఒకే చాప మీద తొంగున్నాం. దండాసి ఇప్పుడు లేడు గదా. పైదేశం, ఎగువ బర్మాకి, రైలు పనికి పోయి, ఆ విషజ్వరాల ఏడాది అక్కడే పోయేడని కబురొచ్చింది. వాడి పేరు చెప్తుంటే అమ్మగార్లు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత డా మ్యా ఇల్లు. మేం బస వదిలేసి వచ్చిన రోజు ఎవరో ఏటో అడక్కుండా ఇంటి కింద చోటిచ్చి, కుండెడన్నం దింపింది కదా ఆవిడ. ఆవేళ పట్టు లుంగీ కట్టి, సిగలో పువ్వు పెట్టి సిద్ధంగా ఉంది. చుట్ట పక్కన పెట్టమని చీనా ఆయన అడిగితే, చుట్ట లేకపోతే అది నా మొహం కాదు, ఎవరిదో అవుతాది అంది. చుట్టతోనే తీసేడు.

ఆఖర్న మేస్త్రీ బస. ఇప్పుడది బియ్యం గోదాము. గుమ్మం మాత్రం అదే. అక్కడ నేను చెప్పింది నీకు తెలిసిందే, అయినా చెప్పినది చెప్పినట్టు రాస్తాను.

ఓడ టిక్కెట్టు మేస్త్రీ కొన్నాడంటే మనిషి మేస్త్రీ వాడే. తినడం ఆయన బసలో, తొంగోడం ఆయన బసలో. ఇంకోచోట పనికి పోతే జుట్టు పట్టుకుని లాక్కొచ్చేవారు. తెల్లారేసరికి కూర్మనాథం మేస్త్రీ ఈ గుమ్మంలో నిలబడేవాడు. నల్లకోటు, ఎర్ర తలపాగా, వెండి పొన్ను వేసిన కర్ర. ఒక్కొక్కడూ భుజం మీద తువ్వాలు దించి, నడుముకి చుట్టి, వంగి, దండాలు మేస్త్రిగారూ అని దాటాలి. దండాసికి చెయ్యి వాచి ఒళ్ళు కాలిపోతున్న రోజున వాడి కాలు పట్టి గుమ్మం దాకా ఈడ్చేరు. ఆవేళ నేను తువ్వాలు దించలేదు. భుజం మీద ఉంచుకునే ఈ గుమ్మం దాటేను. నా వెనక దండాసి, వాడి వెనక ఒకడూ ఒకడూ, మొత్తం బస. కొట్టుకోలేదు, కేకలెయ్యలేదు. తువ్వాళ్ళు భుజం మీద ఉన్నాయి, అంతే. మేస్త్రీ కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయేడు.

అది చెప్పేసరికి జనం చప్పట్లు కొట్టేరు. నా ఒళ్ళు పొంగిపోయింది. ఇప్పుడు ఫొటో అన్నారు శంకరరావు గారు. నా పక్కన దండాసి ఉంటేనా అనుకున్నాను. చీనా ఆయన నా కళ్ళజోడు తీయించేడు, అద్దాలు మెరుస్తాయట. మొహం మీద ఎండ పడేలాగ నిలబెట్టేడు. కదలొద్దని బర్మాలో చెప్పేడు, హిందుస్తానీలో చెప్పేడు, ఆఖరికి కదిలితే చంపుతా అని తెలుగులో చెప్పేడు. అందరూ నవ్వేరు. నేను స్తంభంలాగ నిలబడ్డాను.

అప్పుడు గుంపులోంచి ఒక మనిషి నా ఎదటికి వచ్చేడు. కళ్ళజోడు లేదు, కళ్ళల్లో ఎండ. మొహం కనబడలేదు. నల్లకోటు కనబడింది. ఎర్ర తలపాగా కనబడింది. వెండి పొన్ను తళుక్కుమంది, కర్ర పైకి లేచింది.

అమ్మీ, నేను ఏటీ అనుకోలేదు. నా తువ్వాలు దిగిపోయింది. నడుముకి చుట్టుకుపోయింది. నేను వంగి ఉన్నాను. దండాలు మేస్త్రిగారూ అని నా నోరే అంది. అప్పుడే ఆ పెట్టె టక్కుమంది.

శంకరరావు గారు ఒక్క గెంతు గెంతి, ఈ రోజుక్కూడా వచ్చేవా, నీ పెత్తనం ఇంకా చావలేదా, పో ఇక్కణ్ణించి అని అరిచేరు. కుర్రాళ్ళు ఛీ ఛీ అన్నారు, ఒకడు అరటితొక్క విసిరేడు. ఆ మనిషి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేను తల ఎత్తేసరికి నల్లకోటు వీపు మలుపు తిరిగిపోతోంది.

తర్వాత చప్పట్లు కొట్టిన చేతులు గొడుగులు మడుచుకుంటున్నాయి. శంకరరావు గారు మంచోరు, వచ్చి నా నడుము నించి తువ్వాలు విప్పి, ఆయనే నా భుజం మీద వేసేరు, చంటిగుంటకి మూతి తుడిచినట్టు. దాన్ని మించిన సిగ్గు లేదు నాకు. మళ్ళీ తియ్యడానికి గాజు పలకలు అయిపోయేయట. తీసిన పలక పగలగొట్టీమని చీనా ఆయనకి చెప్పేసి అందరూ ఎవరి దారిన వాళ్ళు పోయేరు.

నాకంటే ముందే కబురు మన గదికి చేరింది. మీ అమ్మ ఆముదం గిన్నె పట్టుకుని నిలబడి, అంతలా వంగేవట, నడుం పట్టీసిందేటి మావా, రాయమంటావేటి అంది. నవ్వించడానికే అంది. నవ్వు రాలేదు.

నేను భయపడ్డానని నువ్వనుకోకు. భయపడలేదు. అదే నా సిగ్గు. భయం అయితే మనిషికి ఒక సాకు ఉంటాది. ఇది భయం కాదు, నా ఒంట్లో ఎక్కడో ఆ గుమ్మం ఇంకా ఉంది, నాకు తెలీకుండా. ఇన్నేళ్ళూ తువ్వాలు భుజం మీద వేసుకుని ఊరంతా తిరిగేను, దాన్ని చూసి నువ్వు పెరిగేవు. ఆ ముసిలోడు కర్ర ఎత్తితే చాలింది.

కాబట్టి అమ్మీ, నా ఫొటో లేదు. డా మ్యా ఫొటో బాగా వచ్చిందట, అది పంపుతాను, తగిలించు. గుంటలకి నా సంగతి చెప్పడం మానీ. వాళ్ళు గుడ్డ దించితే కసురుకోకు, వాళ్ళ చేతుల్లో ఏటీ లేదు.

అల్లుడుగారికి ఇదంతా చదివి వినిపించకు.

ఇలా తల దించుకుని రాసుకున్న
నీ అయ్య,
బుల్లియ్య.

మరొక సంగతి. శనివారం రాస్తున్నాను.

ఉత్తరం మడిచేను గానీ అంటించలేదు. అప్పన్నే నా చెయ్యి ఆపేడు. పైన రాసినదంతా జరిగినట్టే రాసేను, కానీ నాకు తెలిసింది సగమే. మిగతా సగం ఇప్పుడు రాస్తాను, కళ్ళు మసకేస్తున్నాయి, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

పొద్దున్న చీనా ఆయన మన మేడెక్కి వచ్చేడు. చేతిలో అట్టల మధ్య ఫొటో. పగలగొట్టమన్నారు కదా అంటే, ఆవేళ తీసినవాటిలో ఇదే బాగా వచ్చింది, చెయ్యాడలేదు అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. మీ అమ్మ తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. కొంతసేపు చూసి ఒక్క కేక పెట్టింది. ఏటి మావా, ఇది మేస్త్రీయేటి, నీ కళ్ళు కాలిపోను, మన దండాసి కాదేటి అంది.

కళ్ళజోడు పెట్టుకుని చూసేను. ముందు నేను, వంగి. ఎదట నల్లకోటు, పక్కవాటుగా. కుడి చేతిలో కర్ర ఎత్తి ఉంది, కొట్టడానికి కాదు. రెండు చేతులూ బార్లా చాపేడు, నన్ను వాటేసుకోవడానికి. చాపిన ఎడం చేతికి మూడే వేళ్ళు. నోరంతా నవ్వు.

వాడు బతికే ఉన్నాడు అమ్మీ! ఉన్నాడు! నేను గదిలో ఈ చివర నించి ఆ చివరికి పరిగెత్తేను. చీనా ఆయన అప్పుడు చెప్పేడు, ఆ ముసిలాయన నిన్న మా స్టూడియోకి వచ్చి, ఆ ఫొటోలో నేను కూడా పడ్డానా అని అడిగేడు, పడితే కబురు పెట్టమని తామ్వేలో ఇంటి గుర్తు చెప్పి పోయేడు అని.

రిక్షా ఎక్కను కదా నేను, లాగేవాడు మనోడే. గుర్రబ్బండి కట్టించుకుని మీ అమ్మా నేనూ తామ్వే పోయేం. వాడు అరుగు మీద చొక్కా లేకుండా కూచుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. నన్ను చూసేడు. లేచేడు. భుజం మీద తువ్వాలు దించి నడుముకి చుట్టుకుని, ఇంత వంగి, దండాలు మేస్త్రిగారూ, ఇలా దయచేసేరేటి అన్నాడు.

జరిగింది మీ అమ్మే చెప్పింది. వాడు నమ్మలేదు. జ్వరం తగ్గి పైదేశంలోనే ఉండిపోయి, ఈ మధ్యనే కూతురి దగ్గరికి తామ్వే చేరేడట, నోటీసులో నా పేరు విని ఆవేళ వచ్చేడట. అల్లుడు ట్రాముల షెడ్డులో కూలీల మీద పెద్ద. ఫొటోలో పరువుగా కనబడాలని అతని కోటు, తలపాగా, కర్ర ఎరువు తెచ్చుకున్నాడట. నేను వంగితే, మేస్త్రీ వేషం వేసుకొచ్చేవేటిరా అని జనం మధ్య నన్ను ఎగతాళి చేస్తున్నాడు బుల్లిగాడు అనుకున్నాడట. అందుకే మాటాడకుండా పోయేడు. నిన్ను గుర్తు పట్టలేదురా, నిజంగానే వంగేనురా అని చెప్తే, నాకా, నాకు దండం పెట్టేవా, కూర్మనాథం మేస్త్రీ కాకినాడలో పోయి ఎన్నాళ్ళో అయిందిరా, ఆ పీనుక్కి దండం పెట్టేవా అని, దగ్గు వచ్చేదాకా నవ్వేడు.

నవ్వి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత చిక్కుడుకాయల మీద నించి తల ఎత్తకుండా ఒక మాట చెప్పేడు. ఆవేళ ఆ కోటు వేసుకుని తామ్వే నించి లమ్మడా దాకా నడిచేనురా బుల్లీ, ఎదురొచ్చినవాడు పక్కకి తప్పుకున్నాడు, రిక్షా లాగే గుంట ఒకడు తువ్వాలు దించేడు, నాకు బాగానే ఉందిరా, తువ్వాలు భుజం మీదే ఉంచుకోరా అని నేను అనలేదు అన్నాడు. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. మీ అమ్మ మా మధ్య కూచుని చిక్కుడుకాయలన్నీ తుంచీసింది.

దండాసిని వెంటబెట్టుకుని పోయి శంకరరావు గారికి చెప్తే తల పట్టుకుని కూచున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ నడుద్దాం, ఇద్దర్నీ సరిగ్గా నిలబెట్టి తీయిద్దాం, ఈ పలక పగలగొట్టిస్తాను అన్నారు. దండాసీ నేనూ ఒక్కసారే వద్దు అన్నాం.

అదే ఫొటో ఇందులో పెట్టి పంపుతున్నాను. సిగ్గు పోలేదు అమ్మీ, పోతాదని కూడా అనుకోను. అయినా తగిలించు. ఎదురెండ పడని గోడకి తగిలించు, మాసిపోతాది. గుంటల్ని దగ్గరికి పిలిచి, ఇందులో మేస్త్రీ ఎవరో చూపించండి అను. అందరూ నల్లకోటునే చూపిస్తారు. చూపించనీ. వాళ్ళ చేత ఆ చాపిన చెయ్యి దగ్గరగా చూడమను, వేళ్ళు లెక్కపెట్టమను. అప్పుడు చెప్పు, ఆయన మా అయ్య సావాసగాడని, ఒకే చాప మీద తొంగున్నవాడని, ఈ ఫొటోలో మేస్త్రీ అనేవాడే లేడని.